నెదర్లాండ్స్‌కి కొత్తగా వచ్చారా? సైకిలు, బస్సు, కారు గురించి ముందే తెలుసుకోవాల్సినవి

ఐండ్‌హోవెన్‌కో డెల్ఫ్ట్‌కో ఆమ్‌స్టల్‌వేన్‌కో దిగిన మనవాళ్ళు మొదటి వారంలోనే అడిగేది, కారు కొనాలా అక్కర్లేదా అని. నేనైతే ఒకటే చెప్తా, ముందు ఒక సెకండ్ హ్యాండ్ సైకిలు కొనండి, జేబులో కాంటాక్ట్‌లెస్ పనిచేసే బ్యాంకు కార్డు పెట్టుకోండి, కారు సంగతి ఒక చలికాలం గడిచాక చూసుకోవచ్చు. ఈ దేశంలో జనాభా కోటీ ఎనభై లక్షలు, సైకిళ్ళు రెండు కోట్ల పైమాటే, అంటే మనుషులకంటే సైకిళ్ళే ఎక్కువ, రోడ్లు కూడా ఆ లెక్కలోనే కట్టారు.

అన్నిటికంటే ముందు అలవాటు చేసుకోవాల్సింది నేలమీద చూడటం. ఇక్కడ ఎవరు ముందు వెళ్ళాలి అనేది హారన్ కొట్టి, కళ్ళల్లో కళ్ళు పెట్టి తేల్చుకునే విషయం కాదు, రోడ్డు మీద గీసే పెట్టారు. తెల్ల త్రికోణాలు వరసగా ఉండి వాటి మొన మీ వైపు ఉంటే మీరు ఆగాలి, అడ్డంగా వచ్చేవాళ్ళని పోనివ్వాలి, వీటిని షార్క్ పళ్ళు అంటారు. మొన అవతలి వాళ్ళ వైపు ఉంటే దారి మీది, అప్పుడు మర్యాదకి ఆగి చెయ్యి ఊపొద్దు, వెనకాల వచ్చేవాడు మీకు గుద్దుకుంటాడు. ఏ గుర్తూ, ఏ బోర్డూ లేని చిన్న వీధుల కూడలి అయితే కుడివైపు నుంచి వచ్చే బండిదే ముందు. ఆ కుడివైపు బండి సైకిలైనా సరే, 2001 మే 1 నుంచి ఇదే రూలు, కాబట్టి మీరు పెద్ద కారులో ఉన్నా సందులోంచి వచ్చే స్కూలు పిల్లకి ఆగాల్సిందే. ఇంకోటి, ఫుట్‌పాత్ ఎక్కడా తెగకుండా పక్క సందుని అడ్డంగా దాటుకుంటూ వెళ్తే, ఆ సందులోకి తిరిగే బండీ, అందులోంచి బయటికొచ్చే బండీ రెండూ అందరికీ దారివ్వాలి. వీటికి చాలాచోట్ల బోర్డు కూడా ఉండదు, రోడ్డు ఆకారం చూసే అర్థం చేసుకోవాలి.

ముందు సైకిలు సంగతి

కొనేటప్పుడు మొదట చూసుకోవాల్సింది ఎత్తు. డచ్ వాళ్ళు పొడుగు, వాళ్ళ సైకిళ్ళూ పొడుగే, సీటు మీద కూర్చుంటే కనీసం కాలి వేళ్ళు నేలకి ఆనాలి, లేకపోతే ప్రతి సిగ్నల్ దగ్గరా సర్కస్సే. చాలా పాత సైకిళ్ళకి చేతి బ్రేకు ఉండదు, పెడల్ వెనక్కి తొక్కితే ఆగుతుంది, అలవాటు లేనివాళ్ళు ఖాళీ స్థలంలో కాసేపు ప్రాక్టీసు చేసి అప్పుడే రోడ్డెక్కండి. మార్క్ట్‌ప్లాట్స్ అనే సెకండ్ హ్యాండ్ సైట్‌లో వెతికితే వంద నుంచి రెండొందల యూరోల మధ్య మంచివి దొరుకుతాయి, ఇరవై యూరోలకి ఇస్తా అని స్టేషన్ దగ్గర ఎవరైనా చెవిలో చెప్తే అది దొంగ సొత్తే అనుకోండి, తెలిసి కొంటే మీదీ నేరమే అవుతుంది. ఫ్రేమ్ నంబర్ కొడితే దొంగతనం కేసు ఉందో లేదో చెప్పే ఆన్‌లైన్ రిజిస్టర్ ఉంది, డబ్బులిచ్చే ముందు అది చూసుకోండి. చదువుకోడానికి వచ్చినవాళ్ళు, రిపేర్ల గోల వద్దు అనుకునేవాళ్ళు నెలకింత అని అద్దె కట్టే స్వాప్‌ఫీట్స్ తీసుకుంటారు, ముందు టైరు నీలం రంగులో ఉండేవి అవే, ఊరి నిండా కనిపిస్తాయి.

తాళాలు రెండు వెయ్యాలి, ఇందులో బేరం లేదు. వెనక చక్రానికి ఫిక్స్‌డ్‌గా ఉండే రింగ్ లాక్ ఒకటి, దేనికైనా కట్టేసే గొలుసు తాళం ఇంకోటి. సైకిలు కంటే తాళం ఖరీదు ఎక్కువైనట్టు అనిపించినా పర్లేదు.

లైట్లు లేకుండా చీకట్లో తొక్కితే ఫైన్. ముందు తెలుపు లేదా పసుపు, వెనక ఎరుపు, పైగా వెనక ఎర్ర రిఫ్లెక్టరు, బెల్లు ఉండాలి. క్లిప్ లైట్లు బట్టలకి పెట్టుకున్నా ఒప్పుకుంటారు కానీ అవి బ్లింక్ అవ్వకూడదు. నవంబరు వచ్చేసరికి సాయంత్రం ఐదింటికే చీకటి పడిపోతుంది, పోలీసులు కూడా సరిగ్గా అప్పుడే స్టేషన్ల దగ్గర నిలబడతారు. ఫోను చేతిలో పట్టుకుని తొక్కడం 2019 జులై 1 నుంచి నిషేధం, ఫైను 150 యూరోల పైనే, మ్యాప్ చూడాలంటే హ్యాండిల్‌కి హోల్డర్ పెట్టించుకోండి. హెల్మెట్ మామూలు సైకిలుకి తప్పనిసరి కాదు, ఎవరూ పెట్టుకోరు కూడా, కానీ కొత్తవాళ్ళు మొదటి కొన్ని నెలలు పెట్టుకుంటే తప్పేం లేదు, ఎవరైనా టూరిస్టు అనుకుంటారేమో అంతే కదా.

తొక్కడం ఎక్కడంటే, గుండ్రటి నీలం బోర్డు మీద తెల్ల సైకిలు బొమ్మ ఉంటే ఆ దారిలోనే వెళ్ళాలి, పక్కన కార్ల రోడ్డు ఖాళీగా ఉన్నా అటు పోకూడదు. దారి చాలాచోట్ల ఎర్ర తారుతో ఉంటుంది. వీధి మొత్తం ఎర్రగా ఉండి కార్లు ఇక్కడ అతిథులు అని బోర్డు ఉంటే అది సైకిళ్ళ వీధి, కారు వెనకాలే మెల్లగా రావాలి. ఇదంతా మొదట్నుంచీ ఉన్నదేం కాదు, 1971లో ఒక్క ఏడాదే రోడ్డు మీద మూడు వేల మందికి పైగా చనిపోయారు, అందులో పిల్లలే నాలుగొందల పైన, తల్లిదండ్రులు రోడ్ల మీదికొచ్చి గొడవ చేశారు, ఆ తర్వాత 1973 ఆయిల్ సంక్షోభం వచ్చి ఆదివారాలు కార్లు ఆపేశారు, అక్కడ్నుంచి మెల్లగా సైకిళ్ళకి వేరే దారులు కట్టుకుంటూ వచ్చారు. అందుకే ఇప్పుడు ఎనిమిదేళ్ళ పిల్లలు ఒంటరిగా స్కూలుకి తొక్కుకుంటూ పోతారు, పదేళ్ళు దాటాక స్కూల్లోనే ట్రాఫిక్ పరీక్ష కూడా రాస్తారు.

కుడివైపున ఉండండి, ఎడమవైపు నుంచి ఓవర్‌టేక్ చెయ్యండి, తిరిగే ముందు చెయ్యి చాపండి, ఇద్దరు పక్కపక్కన తొక్కొచ్చు ముగ్గురు కూడదు. ఆగాలంటే దారి మధ్యలో ఆగకుండా పక్కకి జరిగి ఆగండి, ఫొటో కోసం మధ్యలో సడన్ బ్రేకు వేసే వాళ్ళని చూస్తే ఇక్కడి వాళ్ళకి ఒళ్ళు మండుతుంది, బెల్లు కొట్టి ఏదో ఒకటి అనేసి పోతారు. పెద్ద కూడలిలో ఎడమకి తిరగాలంటే కార్లలాగా మధ్యలోకి వెళ్ళకూడదు, ముందు నేరుగా దాటి, అవతల ఆగి, మళ్ళీ సిగ్నల్ చూసుకుని ఎడమకి దాటాలి. కొన్ని సిగ్నళ్ళ దగ్గర సైకిళ్ళు కుడికి ఫ్రీగా తిరగొచ్చు అని చిన్న బోర్డు ఉంటుంది, అది ఉంటే ఎర్రలైటులోనూ కుడికి పోవచ్చు. ఖ్రోనింగెన్ లాంటి ఊళ్ళల్లో అన్నివైపుల సైకిళ్ళకీ ఒకేసారి గ్రీన్ ఇచ్చే కూడళ్ళున్నాయి, మొదటిసారి చూస్తే గుండె ఆగుతుంది కానీ మెల్లగా సర్దుకుంటూ అందరూ దాటేస్తారు. ట్రామ్ పట్టాల్ని మాత్రం వీలైనంత అడ్డంగా దాటండి, ఏటవాలుగా పోతే చక్రం పట్టాలో ఇరుక్కుంటుంది, వానలో అయితే మరీ జారుతుంది.

సైకిలు దారిలో సైకిళ్ళే ఉంటాయి అనుకోకండి. నీలం నంబర్ ప్లేటు ఉన్న చిన్న స్కూటర్లు కూడా చాలా ఊళ్ళల్లో ఇదే దారిలో వస్తాయి, వాటికి 2023 జనవరి 1 నుంచి హెల్మెట్ తప్పనిసరి చేశారు. నిలబడి నడిపే ఎలక్ట్రిక్ స్కూటర్ వేరే దేశంలో కొని తెచ్చుకుని రోడ్డెక్కుదామని మాత్రం అనుకోకండి, ఇక్కడి అనుమతి పొందిన మోడల్ కాకపోతే బండి లాక్కుంటారు.

ఎనిమిదేళ్ళ లోపు పిల్లల్ని ఎక్కించుకుంటే వీపుకీ చేతులకీ కాళ్ళకీ ఆసరా ఉన్న సరైన సీటు ఉండాలి. ముందు పెద్ద పెట్టె ఉన్న సైకిళ్ళు ఉంటాయి, బాక్‌ఫీట్స్ అంటారు, ఇద్దరు ముగ్గురు పిల్లలున్న ఇంట్లో రెండో కారు అవసరాన్ని అది నిజంగానే తీరుస్తుంది, కాకపోతే కొత్తది కొనాలంటే కొన్ని వేల యూరోలు.

పార్కింగ్ స్టేషన్ల దగ్గర బాగుంటుంది. ఉట్రెక్ట్ సెంట్రల్ కింద 12,500 సైకిళ్ళు పట్టే పార్కింగ్ ఉంది, 2019లో పూర్తిగా తెరిచారు, ప్రపంచంలో ఇంతకంటే పెద్దది లేదంటారు, మొదటి 24 గంటలు ఫ్రీ. ఆమ్‌స్టర్‌డామ్ సెంట్రల్ ఎదురుగా నీళ్ళ కిందే 7,000 సైకిళ్ళకి కట్టి 2023లో తెరిచారు. ఇలాంటివి ఉండగా రెయిలింగ్‌కి కట్టేసి పోతే మునిసిపాలిటీ వాళ్ళు గొలుసు కోసి డిపోకి తీసుకుపోతారు, అది ఊరి చివర ఉంటుంది, విడిపించుకోడానికి డబ్బులు కట్టాలి.

వాన కోసం బౌయెన్‌రాడార్ యాప్ పెట్టుకోండి, రాబోయే రెండు గంటల్లో మీ వీధిలో ఎప్పుడు పడుతుందో చూపిస్తుంది, పావుగంట ఆగి బయల్దేరితే తడవకుండా పోవచ్చు. గాలిని మాత్రం అలా తప్పించుకోలేం. ఈ దేశంలో కొండలు లేవు కాబట్టి తేలిక అనుకుంటారు, ఎదురుగాలి మొదలైతే ఆ మాట వెనక్కి తీసుకుంటారు, అందుకే ఆదివారం దూరం పోదాం అనుకుంటే వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వీపు గాలి ఉండేలా దారి పెట్టుకోండి, ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే కష్టం అయిపోతుంది. దూరం దారులకి మ్యాప్ కూడా అక్కర్లేదు, దేశమంతా సైకిలు కూడళ్ళకి నంబర్లు ఇచ్చారు, 23 నుంచి 47, అక్కడ్నుంచి 12 అని కాగితం మీద రాసుకుని బోర్డులు చూసుకుంటూ పోవడమే.

సైకిలుకీ బస్సుకీ మధ్యలో ట్రైను

ఊరి నుంచి ఊరికి అందరూ చేసేది, ఇంటి నుంచి స్టేషన్‌కి సైకిలు, అక్కడ్నుంచి ట్రైను, దిగిన ఊళ్ళో ఓవీ-ఫీట్స్ అద్దె సైకిలు. నీలం పసుపు రంగుల్లో ఉండే ఆ సైకిలు 24 గంటలకి ఐదు యూరోలకి అటూ ఇటూగా వస్తుంది, కాకపోతే మీ పేరు మీదున్న పర్సనల్ ట్రావెల్ కార్డూ దానికి లింక్ అయిన బ్యాంకు అకౌంటూ ఉండాలి, చూడ్డానికి వచ్చినవాళ్ళకి పనికిరాదు. ఎక్కడ తీసుకున్నారో అక్కడే తిరిగివ్వండి, వేరే స్టేషన్‌లో ఇస్తే అదనంగా పడుతుంది. మీ సైకిలునే ట్రైన్లో తీసుకెళ్ళాలంటే దానికి వేరే టికెట్ కొనాలి, పైగా వీక్‌డేస్ పొద్దున 6:30 నుంచి 9, సాయంత్రం 4 నుంచి 6:30 రద్దీ టైములో ఎక్కనివ్వరు. మడత సైకిలు మడిచి పెడితే ఎప్పుడైనా ఫ్రీ, రోజూ వేరే ఊరికి ఆఫీసుకి పోయేవాళ్ళు అందుకే అది కొంటారు.

బస్సు, ట్రామ్

బస్సులో నోట్లు, చిల్లర ఇస్తే తీసుకోరు, కార్డే. 2023 నుంచి దేశమంతా అన్ని బస్సులు, ట్రామ్‌లు, మెట్రోలు, ట్రైన్లలో కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డుతోనే వెళ్ళొచ్చు, దీన్ని ఓవీపే అంటారు. ఎక్కేటప్పుడు ఒకసారి ట్యాప్, దిగేటప్పుడు ఒకసారి ట్యాప్. దిగేటప్పుడు మర్చిపోతే బస్సు, ట్రామ్‌లో 4 యూరోలు, ట్రైన్లో 20 యూరోలు పోతాయి, ఆన్‌లైన్లో తిరిగి అడగొచ్చు కానీ ఆ పని ఎవరికి కావాలి. ఇంకో చిక్కు ఏంటంటే కార్డుతో ఎక్కి అదే కార్డు ఉన్న ఫోనుతో దిగితే లెక్క కుదరదు, మెషీన్‌కి అవి రెండు వేరే వేరే కార్డులు, దేనితో ఎక్కారో దానితోనే దిగండి. పర్సులో నాలుగు కార్డులుంటే పర్సు మొత్తం పెట్టి ట్యాప్ చెయ్యకండి, ఏ కార్డు చదువుతుందో దేవుడికే ఎరుక.

అమ్మానాన్న చూడ్డానికి వచ్చినప్పుడు గుర్తుంచుకోవాల్సింది, మనిషికో కార్డు ఉండాలి, ఒకే కార్డు ఇద్దరికి కొట్టలేం. వాళ్ళ వీసా లేదా మాస్టర్‌కార్డ్‌లో ఇంటర్నేషనల్, కాంటాక్ట్‌లెస్ రెండూ ఆన్ చేయించి తీసుకురమ్మనండి, లేకపోతే ఒక్కొక్కరికీ పేరు లేకుండా ఎవరైనా వాడుకునే ట్రావెల్ కార్డు కొని డబ్బులు వెయ్యండి. నాలుగేళ్ళ లోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు.

ఛార్జీ ఎలా పడుతుందంటే, ఎక్కగానే యూరో పైచిలుకు, ఆ తర్వాత కిలోమీటరుకి ఇంత. దిగిన 35 నిమిషాల లోపు ఇంకో బస్సో ట్రామో ఎక్కితే ఆ మొదటి యూరో మళ్ళీ పడదు, కాబట్టి మారాల్సి వస్తుందని భయపడక్కర్లేదు. ట్రైన్లలో మాత్రం ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మారితే ఒకదానిలో చెకౌట్ చేసి ఇంకోదానిలో చెకిన్ చెయ్యాలి, ప్లాట్‌ఫారం మీద రెండు రంగుల స్తంభాలు అందుకే. ఏ ఊళ్ళో ఏ కంపెనీ బస్సు నడుస్తుందో గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు, 9292 యాప్‌లో ఇంటి అడ్రసు నుంచి పోవాల్సిన అడ్రసు కొడితే అన్ని కంపెనీలూ కలిపి దారి చూపిస్తుంది, లేటు ఉంటే అదీ చెప్తుంది.

స్టాపులో నిలబడితే చాలదు, బస్సు దగ్గరికి రాగానే చెయ్యి చూపండి, ముఖ్యంగా చీకట్లో, లేకపోతే ఆగకుండా పోయే అవకాశం ఉంది. ముందు తలుపు నుంచి ఎక్కి డ్రైవర్‌కి హలో చెప్తారు, దిగాలంటే ముందే ఎర్ర బటన్ నొక్కాలి. పల్లెల్లో మాత్రం బస్సు సంగతి వేరే, గంటకొకటి ఉంటే గొప్ప, ఆదివారం కొన్నిచోట్ల అసలు ఉండదు. ఇంకొన్నిచోట్ల ఊరివాళ్ళే వాలంటీర్లుగా నడిపే ఎనిమిది సీట్ల చిన్న బస్సు ఉంటుంది, లేదా కనీసం గంట ముందు బుక్ చేస్తేనే వచ్చే వ్యాన్, కాబట్టి పల్లె వైపు వెళ్ళే ముందు తిరిగొచ్చే ఆఖరి బస్సు టైము చూసుకోకుండా బయల్దేరకండి.

వసంతంలో కుకెన్‌హోఫ్ తులిప్ తోటకి కారులో పోదామనే వాళ్ళకి నేను దండం పెడతా. స్కిపోల్ ఎయిర్‌పోర్టు నుంచి 858, లైడెన్ నుంచి 854 నంబరు బస్సులు తోట గేటు దాకా తీసుకెళ్తాయి, తోట టికెట్టూ బస్సూ కలిపి దొరుకుతుంది, గేటు దగ్గర సైకిళ్ళు అద్దెకిస్తారు, అసలు అందమైన పొలాలన్నీ తోట బయటే ఉన్నాయి కాబట్టి ఆ సైకిలు తీసుకోవడమే మంచిది. కిండర్‌డైక్ గాలిమరలకీ అంతే, రాటర్‌డామ్ వైపు నుంచి వాటర్‌బస్ అనే పడవ ఉంది, సైకిలు కూడా ఎక్కించుకోవచ్చు. ఆమ్‌స్టర్‌డామ్ సెంట్రల్ వెనక నీళ్ళు దాటించే పడవలైతే పూర్తిగా ఫ్రీ.

కారు ఎప్పుడు, ఎలా

పసిపిల్లలు, మోకాళ్ళ నొప్పుల పెద్దవాళ్ళు, నైట్ షిఫ్టు, జీలాండ్ లాంటి మారుమూల ప్రాంతాలు, వీటికి కారు కావాలి, కాదనను. కానీ నెలకి రెండుమూడు సార్లు వాడటానికైతే కొనకండి, రోడ్ ట్యాక్సు, ఇన్సూరెన్సు, పార్కింగ్ పర్మిట్ కలిపితే బండి నిలబడి ఉన్నా డబ్బులు పోతూనే ఉంటాయి. మైవీల్స్, గ్రీన్‌వీల్స్ లాంటి అద్దె కార్లు గంటల లెక్కన వీధిలోనే దొరుకుతాయి, ఆ అవసరానికి అవి చాలు.

స్పీడ్ విషయానికొస్తే ఊళ్ళో 50, లోపలి వీధుల్లో 30, ఆమ్‌స్టర్‌డామ్‌లో 2023 డిసెంబరు నుంచి ఎక్కువ రోడ్లు 30కే దించారు, ఊరి బయట 80. మోటర్‌వేల మీద పొద్దున 6 నుంచి రాత్రి 7 దాకా సాధారణంగా 100, ఇది 2020 మార్చిలో నైట్రోజన్ కాలుష్యం గొడవల వల్ల పెట్టింది, రాత్రి పూట బోర్డుని బట్టి 120 లేదా 130. కొన్ని ముక్కల మీద పగలు కూడా 130 తిరిగి ఇచ్చారు, కాబట్టి బోర్డే ప్రమాణం. కెమెరా చూసి బ్రేకు వేసి మళ్ళీ తొక్కే తెలివితేటలు పనిచెయ్యవు, చాలా చోట్ల రెండు పాయింట్ల మధ్య సగటు వేగం కొలుస్తారు. లేను పైన ఎర్ర ఇంటూ మార్కు వెలిగితే ఆ లేను మూసినట్టే, అందులో పోతే ఫైను బాగా ఎక్కువ. కుడి లేనులో ఉండి ఎడమ నుంచే దాటాలి, ఖాళీ రోడ్డు మీద మధ్య లేను పట్టుకుని కూర్చున్నా తప్పే.

ఇల్లు, పిల్లలు ఆడుకుంటున్న బొమ్మ ఉన్న నీలం బోర్డు కనిపిస్తే నడక వేగానికి రావాలి, ఆ వీధుల్లో పీ అని రాసిన చోట తప్ప పార్క్ చెయ్యకూడదు. ఈ తరహా వీధులు డెల్ఫ్ట్‌లోనే మొదలయ్యాయి. ఊరి లోపల స్టాపు నుంచి బస్సు ఇండికేటర్ వేసి బయటికొస్తుంటే మీరే ఆగి దారివ్వాలి. కుడికి తిరిగేటప్పుడు అద్దంలో చూసి, తల కూడా తిప్పి చూడండి, నేరుగా పోయే సైకిలు మీ కుడిపక్కే ఉంటుంది, దారి దానిదే. సైకిలునో నడిచేవాళ్ళనో కారు గుద్దితే నష్టం విషయంలో చట్టం దాదాపు ఎప్పుడూ కారు వైపు వేలు చూపిస్తుంది, పద్నాలుగేళ్ళ లోపు పిల్లలైతే ఇక వాదించడానికి ఏమీ మిగలదు. కారు ఆపాక తలుపు దూరపు చేత్తో తియ్యండి, అంటే డ్రైవరు సీటులో ఉంటే కుడిచేత్తో, అప్పుడు ఒళ్ళు దానంతటదే వెనక్కి తిరిగి వచ్చే సైకిలు కనిపిస్తుంది.

పార్కింగ్‌కి మెషీన్‌లో కారు నంబరు కొట్టాలి, చీటీ అతికించే పని లేదు, నంబరు ప్లేట్లు స్కాన్ చేసే కార్లు తిరుగుతూ ఉంటాయి, ఐదు నిమిషాలే కదా అనుకోకండి. అంచున పసుపు గీత నిండుగా ఉంటే ఆగడం కూడా కుదరదు, తుంపులుగా ఉంటే పార్కింగ్ కుదరదు. నీలం గీత ఉంటే ఫ్రీ, కానీ టైము చూపించే నీలం అట్ట డిస్కు అద్దం దగ్గర పెట్టాలి. ఆమ్‌స్టర్‌డామ్‌కి వెళ్ళాలంటే ఊరి అంచున పీ ప్లస్ ఆర్ అనే పార్కింగ్‌లో కారు పెట్టి ట్రామ్ ఎక్కండి, తక్కువ రేటు రావాలంటే మీరు నిజంగా సెంటర్‌కి వెళ్ళి వచ్చినట్టు కార్డులో ట్యాపులు ఉండాలి, వీక్‌డేస్ పొద్దున పది లోపు వస్తే రేటు ఎక్కువ. మీది పాత డీజిల్ అయితే కొన్ని ఊళ్ళ పొల్యూషన్ జోన్లలోకి రానివ్వరు, ముందే చూసుకోండి. పెట్రోలు మోటర్‌వే బంకుల్లో కంటే ఊళ్ళోకి దిగితే చవక.

చివరికి లైసెన్స్. ఇండియా లైసెన్స్‌తో, ఇక్కడ మునిసిపాలిటీలో రిజిస్టర్ అయిన రోజు నుంచి 185 రోజులు మాత్రమే నడపొచ్చు, ఆ తర్వాత దానితో నడిపితే లైసెన్స్ లేనట్టే, ఇన్సూరెన్సు కూడా చేతులెత్తేస్తుంది. ఆఫీసు ద్వారా 30 శాతం ట్యాక్స్ రూలింగ్, అంటే బయటి దేశాల నుంచి ఉద్యోగానికి తెచ్చుకున్నవాళ్ళకి ఇచ్చే పన్ను రాయితీ, వచ్చినవాళ్ళకి అదృష్టం, పరీక్ష లేకుండానే మార్చుకోవచ్చు, అదే ఇంట్లో ఉండే భార్యకో భర్తకో కూడా ఇది వర్తిస్తుంది. మార్పిడికి ఒరిజినల్ ఇచ్చేయాలి కాబట్టి, అప్లై చేసే ముందు దాని వెనకాముందూ కాపీలు తీసిపెట్టుకోండి. మిగతావాళ్ళు డ్రైవింగ్ పరీక్షలు పెట్టే సీబీఆర్ దగ్గర థియరీ, ఆ తర్వాత రోడ్డు మీద పరీక్ష పాసవ్వాలి, థియరీ ఇంగ్లీషులో రాయొచ్చు, డ్రైవింగ్ స్కూలు ఫీజులు బాగా ఎక్కువ, పరీక్ష డేట్లు దొరకడానికి వారాలు పడుతుంది, కాబట్టి 185 రోజులు అయ్యేదాకా ఆగకుండా మూడో నెలలోనే మొదలుపెట్టండి.